సున్నా రూపాయల బిల్లు వెనక ఎవరున్నారు?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాది హనుమకొండ. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్‌గా చేస్తున్నాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణాలకు బిల్లింగ్ యాప్ మాది. వరంగల్, పరకాల, నర్సంపేట, జమ్మికుంట, భూపాలపల్లి వైపు మా యాప్ వాడే షాపులు బాగానే ఉన్నాయి. ఈ మధ్య డేటా చూస్తుంటే ఒక వింత కనపడింది. చాలా షాపుల్లో సున్నా రూపాయల బిల్లులు కొడుతున్నారు. వస్తువు ఉండదు, ధర ఉండదు. నోట్ అనే గడిలో మాత్రం ఏదో రాస్తారు. ‘యూ 2 - 14’, ‘పంపు శుక్ర’, ‘మిర్చి 1.20 ముడత నీ.డ’, ఇలాంటివి. అదంతా చెత్త, తీసేద్దాం అంటోంది మా డేటా అమ్మాయి. ఇది టోకెన్ సిస్టమ్, మనం టోకెన్ యాప్ చేద్దాం అంటున్నాడు సేల్స్ హెడ్. మా ఫౌండర్ సార్ అయితే నెలాఖరుకల్లా సున్నా బిల్లులు పడకుండా బ్లాక్ చేయమన్నారు. నాకేమో ఇందులో పెద్ద అవకాశమే ఉందనిపిస్తోంది. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఎలా రుజువు చేయాలో తెలియక షాపుల వాళ్లందరికీ ఒక సర్వే పంపాను. ‘ఇలాంటి నోట్స్ రాసుకునే ఫీచర్ కావాలా’ అంటే దాదాపు అందరూ కావాలనే అన్నారు. అది చాలదా? లేక నా ఐడియా మీద నాకే మోజు పుట్టి ఇలా అనిపిస్తోందా? పేరు వేయకండి.

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు నెలాఖరు సంగతి. ఆ సున్నా బిల్లులను బ్లాక్ చేయనీయకు. మీ ఫౌండర్ చిరాకు నాకు అర్థమవుతుంది. సగటు బిల్లు ఎంత అని ఎవరైనా అడిగితే ఈ సున్నాలన్నీ కలిసి లెక్కను కిందికి లాగుతాయి. ఆయనకు కావలసింది శుభ్రమైన రిపోర్టు. అందుకు రిపోర్టులో సున్నాలను పక్కన పెడితే సరిపోతుంది, దుకాణదారు చెయ్యి పట్టుకోనక్కర్లేదు. ఈ మాట రేపే చెప్పు. మిగతావి నిదానంగా చేసుకోవచ్చు గానీ, బ్లాక్ పడ్డ మర్నాడే ఆ షాపుల్లో గల్లా పక్కన ఒక నోట్‌బుక్ వెలుస్తుంది. ఆ తర్వాత చూద్దామన్నా నీకు ఏమీ కనపడదు.

ఇక ఆ మూడు నోట్లు. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినవి అవే. నర్సంపేట దగ్గర మా మేనమామకు ఫర్టిలైజర్ షాపు ఉండేది. వేసవి సెలవుల్లో గల్లా దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెట్టడం నా పని. ఆ అనుభవంతో నాకు తోచింది చెబుతున్నాను. ఊహే సుమా, షాపుకు వెళ్లి అడిగితే గానీ తేలదు.

‘యూ 2 - 14’ అంటే యూరియా రెండు బస్తాలు, వరుసలో పద్నాలుగో మనిషి. 2025 వానాకాలంలో యూరియా కోసం మన జిల్లాల్లో ఎలా నిలబడ్డారో నువ్వూ చూసే ఉంటావు. చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు లైన్లో పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. బస్తా అమ్మాలంటే ప్రభుత్వం ఇచ్చిన మిషన్ మీద రైతు వేలిముద్ర పడాలి. 2018 నుంచి దేశమంతా అదే పద్ధతి. కానీ ఆ సీజన్‌లో ఆ మిషన్ దాకా చేరేలోపు జరిగిన తోపులాటకు పెద్దగా పద్ధతంటూ లేదు. దుకాణదారు మీ ప్రింటర్‌తోనే చీటీ కొట్టి చేతిలో పెట్టి ఉంటాడు.

‘పంపు శుక్ర’ అంటే తైవాన్ పంపు పట్టుకుపోయాడు, శుక్రవారం తెచ్చిస్తాడు. మందు కొన్న రైతుకు స్ప్రేయరో టార్పాలినో ఊరికే ఇచ్చి పంపడం మన దగ్గర మామూలే.

మూడోది నన్ను కాసేపు ఆపింది. ‘మిర్చి 1.20 ముడత నీ.డ’. ఆ 1.20ని మీ డేటా అమ్మాయి రూపాయి ఇరవై పైసలు అనుకుని ఉంటుంది, పాపం. అది ఎకరం ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం కాబట్టి ఎకరంన్నర తోట. ఆకు ముడత వచ్చింది. ‘నీ.డ’ బహుశా నీలం డబ్బా. రైతుకు మందు పేరు గుర్తుండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. “పోయినసారి ఏం గొట్టినవే?” అంటే “గదే, నీలం డబ్బ” అంటాడు. షెల్ఫులో సగం డబ్బాలు నీలంగానే ఉంటాయి. పది పన్నెండు రోజుల తర్వాత అదే రైతు ముడత తగ్గలేదని వచ్చినప్పుడు మళ్లీ అదే రకం మందు అంటగట్టకూడదు. ఒకే రకం మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు దానికి అలవాటు పడిపోతుంది. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు తగిలిన సీజన్‌లో వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం రైతులు దొరికిన మందల్లా కొట్టారు. అయినా తోటలు పోయాయి. ఆ ఏడు దుకాణం నడిపినవాడు, ఏ రోజు ఎవరికి ఏం ఇచ్చానో రాసుకోవాలని అప్పుడే అనుకుని ఉంటాడు.

అంటే ఆ ఒక్క గడిలో ఒకదానికొకటి సంబంధం లేని మూడు అవసరాలు పడి ఉన్నాయి. నువ్వు ‘సున్నా బిల్లులు’ అని ఒకటే పేరు పెట్టి లెక్కపెట్టావు. సేల్స్ హెడ్‌కు అందులో మొదటిదే కనపడింది. అందరూ తలా ఒక కాలు పట్టుకుని ఏనుగంటే ఇదే అంటున్నారు. నాలుగోది కూడా ఉండొచ్చు, ముందే చెబుతున్నా: లెక్కలో చూపని అమ్మకం. సరుకు పోతుంది, బిల్లు సున్నా. అలాంటివి కనపడితే దాని మీద ఫీచర్ కట్టే ఆలోచనే పెట్టుకోకు. అందులో అవకాశం ఉన్నది జీఎస్టీ వాళ్లకు మాత్రమే.

నేనొకసారి ఇలాగే బోర్లాపడ్డాను. చాలా ఏళ్ల కిందట బెంగళూరులో ఒక పేమెంట్స్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక్క రూపాయి బదిలీలు విపరీతంగా జరుగుతున్నాయని గమనించింది నేనే. రూపాయి పంపుతారు, పక్కన ‘వచ్చిందా’ అని రాస్తారు. నా గుండె ఒకటే కొట్టుకుంది. వీళ్లు డబ్బు పంపడం లేదు, మాట్లాడుకుంటున్నారు అని మీటింగ్‌లో చెప్పాను. అందరూ తలూపారు. నాలుగు నెలలు కూర్చుని చాట్ కట్టాం. బొమ్మలు, స్టిక్కర్లు కూడా పెట్టాం. ఎవరూ వాడలేదు.

ఆ తర్వాత ఒక కొత్త కుర్రాడు, ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, నన్ను అడిగాడు: “మేడం, రూపాయి పంపాక తర్వాతి పది నిమిషాల్లో వాళ్లు ఏం చేస్తున్నారు?” చూశాం. అదే ఖాతాకు పది వేలు, యాభై వేలు పంపుతున్నారు. అప్పట్లో ఖాతా నంబర్ కొట్టి డబ్బు పంపితే అవతల ఎవరి పేరు మీద ఉందో కనపడేది కాదు. ఒక అంకె తప్పుపడితే డబ్బు ఎవరికో పోతుంది. ఆ భయంతో ముందు రూపాయి పంపి, అందిందని ఫోన్‌లో కనుక్కుని, అసలు మొత్తం తర్వాత పంపేవాళ్లు. వాళ్లకు కావలసింది అవతలి మనిషి పేరు కనపడటం, మేం ఇచ్చింది స్టిక్కర్లు. ఆ అవసరం ఎంత నిజమో తర్వాత తేలింది. 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్టీజీఎస్ బదిలీల్లో డబ్బు పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే వీలు కల్పించాలని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులన్నిటికీ చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. సున్నా బిల్లు కొట్టాక ఏం జరుగుతోంది? నువ్వు బిల్లు దగ్గరే ఆగిపోయావు. ఎన్ని కొట్టారు, ఎవరు కొట్టారు అనే లెక్కే ఉంది నీ దగ్గర. కొట్టిన బిల్లును మళ్లీ తెరిచారా? ఎన్ని రోజులకు? తెరిచిన వెంటనే అదే రైతు పేరు మీద అసలు బిల్లు పడిందా? యూరియా చీటీని ఎవరూ మళ్లీ తెరవరు, సాయంత్రానికి దాని పని అయిపోతుంది. పంపు చీటీని తెరిస్తే శుక్రవారమో శనివారమో తెరుస్తారు. మిర్చి చీటీని పది పదిహేను రోజులకు తెరిచి, వెంటనే వేరే మందు బిల్లు చేసి ఉంటే, తమ్ముడూ, అప్పుడు నీ నిద్ర పట్టకపోవడానికి కారణం ఉన్నట్టే. రాయడం రాసి ఎప్పుడూ తెరవకపోతే అది మనసు తృప్తికి రాసుకున్నది. దానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. మీ యాప్‌లో పాత బిల్లు తెరిచిన లాగ్ ఉంటే ఇదంతా ఒక సాయంత్రం పని.

ఆ టోకెన్ యాప్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సేల్స్ హెడ్ గొంతు పెద్దదై ఉంటుంది. నీ చిన్నప్పుడు మిస్డ్ కాల్ ఎలా వాడేవాళ్లమో గుర్తుందా? ఒక మిస్డ్ కాల్ ఇస్తే కిందికి రా అని, రెండిస్తే బస్సు ఎక్కానని. ఫోన్ కంపెనీలు ఎవరూ అలా వాడమని చెప్పలేదు, కాల్‌కు డబ్బు పోతుందని జనమే కనిపెట్టారు. ఆ అలవాటు మీదే 2010లో బెంగళూరులో జిప్‌డయల్ అనే కంపెనీ లేచింది. నంబర్‌కు మిస్డ్ కాల్ ఇస్తే కంపెనీల నుంచి మెసేజ్ వస్తుంది. 2015 జనవరిలో ట్విట్టర్ దాన్ని కొనుక్కుంది. మరుసటేడు సెప్టెంబర్‌లో జియో వచ్చి కాల్స్‌ను ఉచితం చేశాక, మిస్డ్ కాల్ ఇవ్వాల్సిన అవసరమే చాలామందికి లేకుండా పోయింది. అమ్మినవాళ్లు సరైన సమయానికి అమ్ముకున్నారు, అది వేరే సంగతి. యూరియా చీటీ కూడా అలాంటిదే. కొరత ఉన్నన్నాళ్లే చీటీ. ఎరువుల గూడ్సు రైలు (రేక్) దిగి గోదాములు నిండిన వారం నుంచి ఒక్క చీటీ పడదు. పైగా యూరియా ఎవరికి ఎలా ఇవ్వాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంది. ఒక్క ఉత్తర్వుతో మీ యాప్ మూలన పడుతుంది. బస్తా 266 రూపాయల 50 పైసల సరుకు, దాని మీద దుకాణదారుకు మిగిలేదే కొంచెం. టోకెన్ కోసం నీకేం ఇస్తాడు?

అయితే సేల్స్ హెడ్‌కు ఇదంతా వాదనగా చెప్పకు. సున్నా బిల్లులను నెలలవారీగా గీసి చూపించు. జులై నుంచి సెప్టెంబర్ దాకా గుట్టలా లేచి, ఆ తర్వాత పడిపోయినవి యూరియా చీటీలు. ఆ గుట్టను తీసేశాక కింద సన్నగా, అక్టోబర్‌లోనూ డిసెంబర్‌లోనూ ఆగకుండా నడిచే గీత ఏదైనా మిగిలితే అదే నీది. మిగలకపోతే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టేయొచ్చు, నేనేమీ అనుకోను.

ఇంకో జల్లెడ ఉంది, చాలామంది మరిచిపోయేది. మీ సేల్స్ కుర్రాడు ఎవడైనా ఈ కిటుకు నేర్పాడేమో చూడు. ఒకడు ఒక రూట్లో తిరుగుతూ “నోట్‌లో రాసుకోండి సార్, పనికొస్తది” అని పది షాపుల్లో చెప్పి ఉంటే, ఆ పదిని ఒకటిగానే లెక్కపెట్టాలి. ఒకే బజారులో పక్కపక్కన ఉన్న షాపులదీ అంతే, ఒకరిని చూసి ఒకరు. జమ్మికుంటలో ఒకాయన, భూపాలపల్లిలో ఒకాయన, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, ఎవరూ చెప్పకుండానే ఒకే పని మొదలుపెట్టి ఉంటే, నలభై షాపుల కంటే ఆ రెండే నాకు ఎక్కువ.

సర్వే సంగతి. బాధపడకు గానీ దాన్ని పక్కన పడేయి. ఊరికే వస్తే నాకొకటి, మా తమ్ముడికొకటి అనే వాళ్లం మనం. కావాలా అని అడిగితే ఎవరు మాత్రం వద్దంటారు? పైగా కంపెనీ నుంచి అడుగుతున్నారంటే మర్యాద కోసమైనా సరే అంటారు. వాడతారా, కొంటారా, బాగుంటుందా, ఈ మాటలేవీ నీ నోటి నుంచి రాకూడదు. జరిగిపోయినవే అడుగు. చివరిసారి ఈ చీటీ ఎప్పుడు కొట్టారు? ఎవరొచ్చారు? ఏమన్నారు? ఆ చీటీ ఇప్పుడెక్కడుంది? ఒకసారి తీసి చూపిస్తారా? ఆయన వెతికి తీయడానికి ఎంతసేపు పట్టిందో గమనించు. దొరక్కపోతే ఏం చేస్తాడో చూడు, పని కుర్రాణ్ని కేకేస్తాడా, రైతుకే ఫోన్ చేస్తాడా, “పోనీ తీయ్” అంటాడా. పోనీ తీయ్ అన్నాడంటే అది అంత నొప్పి కాదు. యాప్ రాకముందు దీన్ని ఎలా చేసేవారని కూడా అడుగు. మా మామయ్య క్యాలెండర్ వెనక రాసేవాడు. డిసెంబర్ వస్తే పాత క్యాలెండర్ పారేయనిచ్చేవాడు కాదు, అత్తయ్యతో గొడవ. ఏళ్ల తరబడి ఏదో ఒక రూపంలో సొంతంగా చేసుకుంటున్న పని అయితే నమ్మొచ్చు.

ఒక మనిషి షాపులో ఊరికే రెండు గంటలు కూర్చో. ఏమీ అడగకు. సర్వేలో రానివి అక్కడ కనపడతాయి. ఉదాహరణకు ఆ చీటీని రైతు చేతికి ఇస్తున్నాడా, తన దగ్గరే ఉంచుకుంటున్నాడా? యూరియా చీటీ రైతు చేతిలో ఉంటుంది. మిర్చి చీటీ తన దగ్గరే ఉంటుందని నా అనుమానం. నీ ప్రొడక్ట్ ఎవరి కోసం అనేది ఇక్కడే తేలుతుంది.

ఎందుకంటే నువ్వు రాయకపోయినా నీ మనసులో ఏముందో నేను చెప్పగలను. రైతు ఫోన్‌కు మందు పేరు, మోతాదు, మళ్లీ ఎప్పుడు కొట్టాలో మెసేజ్ పోతే ఎంత బాగుంటుంది అనుకుంటున్నావు. రైతుకు బాగానే ఉంటుంది. దుకాణదారు వైపు నుంచి చూడు. ఆ మెసేజ్ పట్టుకుని రైతు పక్క షాపుకు పోయి యాభై రూపాయలు తక్కువకు అదే డబ్బా తెచ్చుకుంటాడు. తోట పోతే అదే మెసేజ్ వ్యవసాయ శాఖ ఆఫీసులో ఫిర్యాదు కాగితం పక్కన సాక్ష్యంగా నిలబడుతుంది. లైసెన్స్ ఆయనది, భయం ఆయనది. ‘నీ.డ’ అని పొట్టి అక్షరాల్లో రాయడం బద్ధకం కాకపోవచ్చు, జాగ్రత్త కావచ్చు. రైతు నష్టపోకూడదనే నీ కోరిక మంచిదే. కాదనను. కానీ ఈ గడిలో రాసుకుంటున్నది దుకాణదారు తన యాది కోసం. ముందు ఆ యాదికి సాయం చెయ్యి. రైతుకు పంపాలా వద్దా అన్నది ఆయనే ఒకరోజు అడిగేదాకా ఆగు. హైదరాబాద్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ ఇలాంటి దుకాణదారుల కోసమే దేశీ అనే ఏడాది డిప్లొమా నడుపుతోంది, చాలా ఏళ్లుగా. అది చేసినవాళ్లు సలహాను ధైర్యంగా రాసి ఇస్తారని నాకు అనిపిస్తుంది. కూర్చోవడానికి షాపులు ఎంచుకునేటప్పుడు అలాంటివి ఒకటి రెండు చూసుకో, తేడా తెలుస్తుంది.

ఇక పరీక్ష. ఇంజినీర్లను ఇంకా కదపకు. ఐదు షాపులు చాలు, మూడు ఊళ్లలో. సెప్టెంబర్ తర్వాత, మిర్చి నాటు పడి మందులు మొదలయ్యాక పెట్టుకో. ఏప్రిల్‌లో పెడితే అందరూ కల్లంలో ఉంటారు, షాపులో ఈగలు ఉంటాయి. దుకాణదారు చీటీ కొట్టగానే నీకు వాట్సాప్‌లో ఫోటో పెడతాడు. నువ్వు ఇంట్లో కూర్చుని షీట్‌లో ఎక్కిస్తావు: రైతు, పంట, ఎంత పొలం, ఏం మందు, ఏ తేదీ. రైతు మళ్లీ వచ్చినప్పుడు ఆయన నీకు ఆ రైతు పేరు పంపితే, నిమిషంలో పాత చరిత్ర పంపుతావు. అంతే. యాప్ లేదు, స్క్రీన్ లేదు, నువ్వే సాఫ్ట్‌వేర్‌వి. విసుగు పుడుతుంది, పుట్టనీ. మొదటి వారం నీ మొహం చూసి పెడతారు. రెండో వారం తగ్గుతుంది. మూడో వారం నువ్వు గుర్తు చేయకుండా ఎవరు పెడుతున్నారో అదే అసలు లెక్క. ఆ తర్వాత వచ్చే వారం నుంచి ఆపేస్తున్నానని చెప్పి నిజంగానే ఆపెయ్. “అదేంది సార్, మొన్నటిదాక పంపినవ్, మిర్చి రైతు అచ్చి కూసున్నడు” అని ఫోన్ వస్తే ఆ ఫోన్ నీ సర్వే మొత్తం కంటే విలువైనది. ఎవరూ చేయకపోతే నీకు నెల రోజులు పోయాయి, మాకు చాట్ మీద పోయినట్టు నాలుగు నెలలు కాదు.

ఫోన్ చేసినవాళ్లను డబ్బు అడుగు. సిగ్గుపడకు. ఎంత అడగాలన్నది రెండో మాట, అడిగినప్పుడు మొహంలో వచ్చే మార్పు చూడాలి. ఇక్కడ మన దగ్గరి లెక్క ఒకటి గుర్తుంచుకో: సీజన్ మధ్యలో దుకాణదారు చేతిలో నగదు ఉండదు, సరుకంతా ఉద్దెర మీద ఊళ్లలో ఉంటుంది. పత్తి అమ్మి, మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరాక గానీ బాకీలు వసూలు కావు. కాబట్టి నెలనెలా కట్టమంటే వద్దన్నాడని ఐడియానే కొట్టేయకు. ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరిలో కడతారా అని అడుగు. అప్పుడు కూడా నసిగితే అర్థం చేసుకో.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక పని మాత్రం తప్పక చెయ్యి. ఏం జరిగితే వదిలేస్తావో ముందే రాసిపెట్టు. ఐదులో కనీసం ముగ్గురు మూడో వారంలో చెప్పకుండా పంపాలి, ఇద్దరు డబ్బుకు ఒప్పుకోవాలి, లేకపోతే ఆపేస్తాను, ఇలా ఏదో ఒకటి. అంకెలు నువ్వే వేసుకో. దాన్ని ఫౌండర్‌కు మెయిల్ పెట్టు. దీనివల్ల రెండు లాభాలు. ఆయన నీకు నెల టైం ఇస్తాడు, ఎందుకంటే ఇది ఎప్పటికీ సాగే పిచ్చి కాదని ఆయనకు తెలుస్తుంది. రెండోది, నువ్వడిగిన మోజు ప్రశ్నకు మందు అదే. మోజు ఉంటుంది, లేకపోతే ఈ పని చేయలేం. కానీ ఫలితం వచ్చాక గీత గీసుకుంటే ఎవరి గీతైనా వాళ్లకు అనుకూలంగానే పడుతుంది. నేను చాట్ అప్పుడు గీసుకున్నది అలాంటి గీతే, వంద మంది వాడితే ‘మంచి ప్రారంభం’ అన్నాను.

అనుకున్న కస్టమర్ కాకుండా వేరొకరు దొరికితే కంగారు పడకు కూడా. రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా మన నిజామాబాద్ జిల్లా తాడపాకల్‌లో పుట్టినవాడే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క మొదలైంది ఆయన కథ. మొదట బస్సుల యజమానులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇద్దామనుకున్నారు, వాళ్లు పట్టించుకోలేదు. దాంతో సీట్లు తామే తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్మే దారి పట్టారు. నీ విషయంలో ఆ ‘వేరొకరు’ ఎవరో ఇప్పుడే ఊహించగలను, ఊహించి భయపడుతున్నాను కూడా. ఏ ఊళ్లో ఏ తెగులు ఉంది, ఏ షాపు ఎవరి మందు ఇస్తోంది అనే సమాచారం కోసం మందుల కంపెనీలు ఎంతైనా ఇస్తాయి. మీ సేల్స్ హెడ్‌కు ఈ సంగతి తెలిసిన రోజు టోకెన్ యాప్ మరిచిపోతాడు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మీవి కావు, వాళ్ల అనుమతి లేకుండా వాటిని ఎవరికైనా ఇవ్వడం 2023 డేటా రక్షణ చట్టంతో తలపడటమే. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక షాపతనికి తెలిస్తే చాలు, సాయంత్రానికి జిల్లా అంతా యాప్ తీసేస్తుంది. డీలర్ల వాట్సాప్ గ్రూపుల వేగం నీకు తెలియనిది కాదు.

పంపుల మీద నాకు పెద్ద ఆశ లేదు. ఊరికే ఇచ్చే వస్తువు అది, కస్టమర్‌ను నిలుపుకోవడానికి ఇస్తారు. దాని మీద అద్దె యాప్ అంటే ఊరికే ఉన్న సంబంధం మధ్యలోకి మీటర్ తేవడమే. శుక్రవారం గుర్తు చేసే ఒక చిన్న గంట పెట్టు, అరరోజు పని, దుకాణదారు సంతోషిస్తాడు, అక్కడితో వదిలెయ్.

మొదట జమ్మికుంట వెళ్లు. నీ ఇంటి నుంచి గంట, గంటన్నర దారి. పొద్దున్నే, షట్టర్ ఎత్తే వేళకు చేరు. ఇన్‌షర్ట్ చేసుకుని ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పోకు, తనిఖీకి వచ్చిన ఆఫీసర్ అనుకుని ఆ నోట్ గడి నీకు అసలు చూపించరు. చిన్న పుస్తకం, పెన్ను జేబులో పెట్టుకో. చాయ్ ఇస్తే వద్దనకు.